ఉత్తమ పురుష ఏకవచనం

అఫిడవిట్ మొదటి వాక్యం ఏ కోర్టులోనైనా దాదాపు ఒకటే. ఫలానా వారి భార్య, ఫలానా గ్రామ కాపురస్తురాలు, ఇన్నేళ్ళ వయసు గల నేను గంభీరంగా ప్రమాణం చేసి తెలియజేయునదేమనగా అని మొదలవుతుంది. ఆ తర్వాత నంబర్లు వేసిన పేరాలు వరసగా నడుస్తాయి. చిట్టచివర పైన చెప్పినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఒక హామీ. దాని కింద సంతకం. సంతకం రానివాళ్ళయితే బొటనవేలి ముద్ర, ఆ ముద్ర చుట్టూ వేరే ఎవరిదో చేతిరాతలో ‘ఇది ఫలానా ఆమె నిశానీ’ అని.

మన వ్యాకరణంలో ‘నేను’ని ఉత్తమ పురుష అంటారు. ఆ పారిభాషిక పదానికి వాచ్యార్థమే సరిగ్గా అతికే చోటు ఏదైనా ఉందంటే అది ఆడవాళ్ళ అఫిడవిట్టే. ‘నేను’ అంటున్నది ఆమె. ఆ ‘నేను’ని రాసింది ప్లీడరు. టైపు కొట్టింది గుమాస్తా. ‘నా ఎదుట ప్రమాణం చేసినది’ అని సంతకం పెట్టింది పక్క బల్ల దగ్గరి ఇంకో ప్లీడరు. చాలా కాలం ముగ్గురూ మగవాళ్ళే. 1923లో చట్టం వచ్చేదాకా ఈ దేశంలో స్త్రీలకి న్యాయవాద వృత్తిలో హక్కుగా ప్రవేశమే లేదు కదా. అంతకు ముందు రెజీనా గుహని 1916లో కలకత్తా హైకోర్టు, సుధాంశుబాల హజ్రాని 1921లో పాట్నా హైకోర్టు గుమ్మం బయటే నిలబెట్టాయి.

నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. తెలుగులో అచ్చయిన మొదటి స్త్రీ ఆత్మకథగా మనం 1934లో వచ్చిన ఏడిదము సత్యవతి ‘ఆత్మచరితము’ని చెప్పుకుంటున్నాం. అది సరైన లెక్కే. అయితే అచ్చుకి, గ్రంథాలయానికి బయట, అంతకు చాలా ముందునుంచే సంతకం చేయడం రాని ఆడవాళ్ళ ‘నేను’లు కోర్టు రికార్డు గదుల్లో కట్టలు కట్టి ఉన్నాయి. పెళ్ళి ఎప్పుడైంది, కాపురం ఎన్నాళ్ళు సాగింది, నగలేం పెట్టారు, ఎవరు కొట్టారు, ఎవరు గెంటేశారు, భూమి ఎవరి పేర రాసుకున్నారు, ఇవన్నీ ఉత్తమ పురుషలో. అది కూడా ఎక్కువ భాగం ఇంగ్లీషులో. ఇవి ఆత్మకథలు అంటే సాహిత్య విమర్శకులు ఒప్పుకోరు, నేనూ అనను. కానీ ఒక స్త్రీ జీవితం మీద, ఆమె పేరుతో, ఆమె చెప్పినట్టుగా, ఆమె చదవలేని భాషలో తయారైన ఈ కథనాన్ని ఏమని పిలవాలో కూడా ఆ విమర్శకులు చెప్పరు.

ఇంత తతంగం ఎందుకు, అన్నీ రాసేది ప్లీడరే అయినప్పుడు ప్రమాణం కూడా ఆయనే చేసేస్తే సరిపోదా? ఈ ప్రశ్న వినడానికి అమాయకంగా ఉంటుంది గానీ, కోర్టులు దాదాపు వందేళ్ళుగా దీనికి జవాబు చెబుతూనే ఉన్నాయి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ వకాలత్ తీసుకున్న ప్లీడరుకి కక్షిదారు తరఫున హాజరవడానికి, దరఖాస్తులు వేయడానికి, వాదించడానికి అధికారమిచ్చింది. ప్రమాణం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగింది. అదే కోడ్‌లోని 19వ ఆర్డరు, అఫిడవిట్‌లో చెప్పేవి ప్రమాణం చేసే మనిషి తన సొంత ఎరుకతో రుజువు చేయగలిగిన సంగతులే అయి ఉండాలంటుంది. మధ్యంతర దరఖాస్తుల్లో మాత్రం ‘నేను నమ్ముతున్నాను’ అని రాయొచ్చు, ఎందుకు నమ్ముతున్నారో ఆధారం చెప్పాలి. దీన్నిబట్టి ప్లీడరు తనకి తెలిసినదానికి ప్రమాణం చేయొచ్చు. వాయిదా రోజు నేను వేరే కోర్టులో ఉన్నాను, కాగితం నా ఆఫీసులో పొరపాటున వేరే కట్టలో కలిసిపోయింది, ఇలాంటివి. ఆమెని అత్తవారింట్లో ఏ రాత్రి ఎవరు ఏమన్నారో ఆయనకి తెలియదు. తెలిసినా అది ఆమె చెబితే తెలిసింది.

దీనికి ఇంకో రెండు తాళాలున్నాయి. తాను సాక్షి కావలసి వస్తుందనుకునే కేసుని న్యాయవాది తీసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. ప్రమాణం చేసినవాణ్ణి అవతలి పక్షం బోనెక్కించి క్రాస్ చేయొచ్చు, అప్పుడు ప్లీడరు ప్లీడరుగా మిగలడు. రెండోది, కక్షిదారు నమ్మి చెప్పిన మాట ప్లీడరు బయటపెట్టకూడదని 1872 సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా అదే చెబుతోంది. ఆ గోప్యత ఆమె సొత్తు. ఆయన ప్రమాణం చేసి బోనెక్కితే ఆ గోప్యత ఎక్కడ నిలుస్తుంది?

ఈ నియమానికి తల వంచినవాళ్ళలో పెద్దవాళ్ళూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉండి సస్పెండయిన ఎ.కె.కె. నంబియార్ తన కేసులో ప్రభుత్వ పెద్దల మీద దురుద్దేశాలు ఆరోపించారు. 1970 లా రిపోర్టులకెక్కిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు అఫిడవిట్ల ధ్రువీకరణ సరిగా లేదని పట్టుకుంది. ఏది సొంత ఎరుక, ఏది వినికిడి అన్నది విడదీసి చెప్పని అఫిడవిట్‌ని సాక్ష్యంగా తీసుకోలేమంది. రాష్ట్ర పోలీసులందరికీ అధిపతిగా పనిచేసిన మనిషి కాగితానికే ఆ గతి పడితే, కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి బస్సు దిగిన ఆడమనిషి కాగితం సంగతి చెప్పేదేముంది?

ప్రమాణం మొదటినుంచీ కాగితం మీది వ్యవహారం కాదు, ఒంటి మీది వ్యవహారం. తడిబట్టలతో గుడి చుట్టూ తిరిగి, కర్పూరం ఆర్పి చేసే ప్రమాణాలు మా సీమ పల్లెల్లో ఇప్పటికీ పంచాయితీల్లో వినిపిస్తాయి. ఒకరి బదులు ఇంకొకరు కర్పూరం ఆర్పడమన్న ఊహే అక్కడ లేదు. కంపెనీ ప్రభుత్వం 1840లో ఒక చట్టం తెచ్చి, హిందువుల చేత గంగాజలం మీద, ముస్లింల చేత ఖురాన్ మీద కోర్టుల్లో చేయిస్తున్న ప్రమాణాల్ని ఆపి వాటి స్థానంలో ‘గంభీరమైన ధ్రువీకరణ’ పెట్టింది. ఈ రోజుకీ అఫిడవిట్‌లో వచ్చే ‘గంభీరంగా’ అన్న క్రియా విశేషణం మూలం అక్కడుంది. తర్వాత 1873 ప్రమాణాల చట్టం ఒక మెట్టు దిగి, కక్షిదారులు ఒప్పుకుంటే వాళ్ళ ఆచారంలో కట్టుబాటు ఉన్న ప్రత్యేక ప్రమాణం కూడా చేయించొచ్చంది. ‘ఆమె ఫలానా గుడిలో ప్రమాణం చేసి చెబితే నేను ఒప్పుకుంటా’ అని ఒకరంటే, ఆమె చేస్తే, అలా అన్నవాడి మీద అదే తిరుగులేని రుజువు. 1969 చట్టం వచ్చాక ఈ ఏర్పాటు పోయింది.

ఆ 1873 చట్టంలో ఒక షరతు నన్ను చాలాసేపు ఆపింది. ఆ ప్రత్యేక ప్రమాణం న్యాయానికీ మర్యాదకీ విరుద్ధంగా ఉండకూడదు, మూడో మనిషికి తగిలేదిగా కూడా ఉండకూడదు. అంటే బిడ్డ తలమీద చెయ్యి పెట్టి చేసే ప్రమాణం చెల్లదు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు చేసే ఒట్లలో అన్నిటికన్నా పెద్దది అదే! తన పేరున భూమి లేదు, ఇల్లు లేదు, తన మాటకి తనఖా పెట్టడానికి ఆమెకున్నది బిడ్డ ఒక్కతే. చట్టం పసిపిల్లల్ని కాపాడిందనే అనుకుందాం. అయినా స్త్రీ ప్రమాణంలో దేనికి బరువుందో ఊరికి తెలిసినంత ఆ చట్టం రాసినవాళ్ళకి తెలియదని కూడా అనుకోవాలి.

ధర్మశాస్త్రాల మాట ఎటూ మనకి తెలిసిందే. మనుస్మృతి ఒకచోట స్త్రీల వ్యవహారాల్లో స్త్రీలు సాక్షులుగా ఉండాలంటుంది. అదే అధ్యాయంలో, స్త్రీలు ఎంతమంది ఉన్నా, ఎంత శుచిగా ఉన్నా వాళ్ళ బుద్ధి నిలకడ లేనిది కనక సాక్ష్యానికి పనికిరారంటుంది. 1872 సాక్ష్య చట్టం దీన్ని తుడిచిపెట్టింది. ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగిన ప్రతి మనిషీ సాక్షి కావడానికి అర్హులే. భార్యాభర్తలు ఒకరి కేసులో ఒకరు చెప్పొచ్చు. కాగితం మీద ఇంత మార్పు వచ్చిన కాలంలోనే మన సాహిత్యంలో ఏముందో చూడండి. ‘కన్యాశుల్కం’ నిండా ప్లీడర్లు, ప్రైవేటు వకీళ్ళు, దొంగ సాక్ష్యాలు, దొంగ కాగితాలు. లుబ్ధావధాన్లు మీది ఖూనీ కేసు చిక్కుముడి ఎక్కడుందో అందరికన్నా బాగా తెలిసింది మధురవాణికి. ఆమె బోనెక్కి ప్రమాణం చేయదు. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి చెబుతుంది. గురజాడకి కోర్టులు తెలుసు. ఆమె మాట ఎక్కడ చెల్లుతుందో లెక్క వేసుకునే ఆ దారి ఎంచాడనిపిస్తుంది.

అనంతపురం చరిత్రలో ప్లీడరుకీ ఆడవాళ్ళ మాటకీ మధ్య ఉన్న సంబంధం తలచుకోగానే నాకు గుత్తి కేశవ పిళ్ళై గుర్తొస్తారు. గుత్తిలో వకీలు, ‘ది హిందూ’ పత్రికకి విలేకరి, 1885లో కాంగ్రెస్ మొదటి సభకి వెళ్ళినవాళ్ళలో ఒకరు. 1893 అక్టోబరు 4న గుంతకల్లులో తెల్ల సైనికులు కొందరు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడ్డారు. రైల్వే గేటు కాపలాదారు హంపన్న వాళ్ళకి ఆశ్రయమిచ్చి అడ్డం నిలబడ్డాడు. సైనికుడి తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. నిందితుడైన సైనికుడి విచారణ మద్రాసు హైకోర్టులో జరిగింది. ఇల్బర్టు బిల్లు గొడవ తర్వాత 1884లో కుదిరిన రాజీ ప్రకారం యూరోపియన్ నిందితులు తమ జాతివాళ్ళు సగం ఉన్న జ్యూరీని కోరుకోవచ్చన్నది గుర్తుంచుకోవాలి. సైనికుడు నిర్దోషిగా బయటపడ్డాడు. కేశవ పిళ్ళై ఈ సంగతిని పత్రికకెక్కించి, దేశమంతా మాట్లాడుకునేలా చేశారు. హంపన్నకి స్మారకం నిలిచింది.

కేశవ పిళ్ళై చేసింది తక్కువ పని కాదు. ఆ రోజుల్లో మొఫస్సిల్ వకీలు ఒకరు సైన్యానికి ఎదురు రాయడమంటే వృత్తిని పణంగా పెట్టడమే. కానీ నేను చదివిన కథనాల్లో హంపన్నకి పేరుంది, సైనికుడికి పేరుంది, వకీలుకి పేరుంది. ఆ ఇద్దరికీ ఒక అంకె మాత్రమే ఉంది, ‘ఇద్దరు స్త్రీలు’. వాళ్ళేం చూశారు, ఎలా పరిగెత్తారు, గేటు గదిలో నక్కి ఉన్నప్పుడు ఏం విన్నారు? మొత్తం ఘటనకి మొదటి సాక్షులు వాళ్ళే. వాళ్ళ తరఫున ఎంత గొప్పగా మాట్లాడినా, మాట్లాడినవాడి కథే మనకి మిగులుతుందని ఈ ఉదంతం చదివినప్పుడల్లా అనిపిస్తుంది. మళ్ళీ వెంటనే, ఆయన మాట్లాడకపోతే ఆ అంకె కూడా మిగిలేది కాదు కదా అని అనిపిస్తుంది. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నావల్ల కాదు.

ఇక దూరం. న్యాయశాస్త్ర పుస్తకాలు దూరం గురించి మాట్లాడవు. కరువు జిల్లాలో ప్లీడరు ప్రమాణం చేసేస్తే బాగుండునన్న ఆశ పుట్టేది మాత్రం దూరం వల్లే. 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. పై కోర్టు 1954 దాకా మద్రాసులో ఉండేది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఏదైనా ఒకటి సీమ ఎంచుకోవచ్చన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. 1956లో రెండూ హైదరాబాదు పోయాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టు అమరావతిలో. ఈ పటం మీద ఒక ఆడమనిషిని నిలబెట్టి చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే నేల, అది కూడా పడాల్సినప్పుడు పడదు. వేరుశనగ పోతే మగవాళ్ళు బెంగుళూరు మట్టి పనికి. ఒక్క సంతకం కోసం ఆమె రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు, వెంట వచ్చే మగతోడు తిండి ఖర్చు పోగొట్టుకోవాలి. అప్పీలు వేయడానికి గడువు దాటిపోతే, ఎందుకు దాటిందో చెప్పే అఫిడవిట్ ఇంకోటి. ‘వలస పోయాను’ అన్న కారణం ఆ కాగితంలో ఇంగ్లీషులోకి మారేసరికి ‘నివారించలేని పరిస్థితుల వల్ల’ అయిపోతుంది. కరువు అన్న మాట కూడా ఉండదు.

ఈ దూరాన్ని దాటించడానికి మన కుటుంబాలు కనిపెట్టిన సాధనం జి.పి.ఏ. ఆమె పేరున కేసు, భర్తకో తమ్ముడికో పవర్. ప్లీడరు కాకపోతే ఆయన చెబుతాడు! 2004 డిసెంబరులో సుప్రీంకోర్టు జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో తీర్పు చెబుతూ దీన్ని తేల్చింది. బ్యాంకు బాకీలో భర్తల ఆస్తి జప్తుకొచ్చింది. అందులో తమకి వాటా ఉందని, సొంత సంపాదన పెట్టామని భార్యలు అన్నారు. ఆ సంపాదన ఎక్కడిదో చెప్పడానికి భార్యలు బోనెక్కలేదు. పవర్ పట్టుకున్న భర్త వచ్చి చెప్పాడు. పవర్ ఉన్నవాడు తాను చేసిన పనుల గురించి చెప్పగలడు, పవర్ ఇచ్చినవాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతులు వాళ్ళ బదులు చెప్పలేడు, వాళ్ళ బదులు క్రాస్‌కి నిలబడలేడు అంది కోర్టు. భార్యలు ఓడిపోయారు.

ఈ తీర్పుని స్త్రీవాద దృష్టితో ఎలా చదవాలి? భార్య ఎరుక భర్త ఎరుక కాదని అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. ఇంగ్లీషు కామన్ లాలో పెళ్ళయ్యాక భార్య వ్యక్తిత్వం భర్తలో కలిసిపోతుందన్న పాత సిద్ధాంతం ఎరిగినవాళ్ళకి ఇది చిన్న మాటగా వినపడదు. కానీ కోర్టు మెట్లెక్కడం పరువు తక్కువని ఆమెని ఇంట్లో కూర్చోబెట్టేదీ, తర్వాత ‘ఆమె రాలేదు గనక ఓడింది’ అనేదీ ఒకే సమాజం. నియమం సరైనదే, ఆ నియమం దాకా నడిచే దారే ఆమెకి లేదు.

ఇక్కడ మా పెద్దమ్మ కాగితం సంగతి చెప్పాలి. 1990ల మొదట్లో ఆమె మనోవర్తి కోసం 125 సెక్షన్ కింద కేసు వేసింది. అప్పట్లో మేజిస్ట్రేటు ఎంత ఇవ్వదలుచుకున్నా నెలకి 500 రూపాయలు దాటి ఇవ్వడానికి లేదు. ఆ పరిమితి 2001లో తీసేశారు. కేసు తేలేలోపు తిండికి మధ్యంతర భృతి కావాలంటే అఫిడవిట్ మీద ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 1985లో సావిత్రి కేసులో చెప్పి ఉంది. అందుకని ఒక అఫిడవిట్. ఆ ఇంగ్లీషు కాపీ ఆమె ట్రంకు పెట్టెలో, రేషను కార్డు పక్కన, ముప్ఫై ఏళ్ళు భద్రంగా ఉంది. మొన్నమొన్న నాకిచ్చి చదవమంది. ఒక్కో పేరా తెలుగులో చెబుతూ పోయాను. కొట్టిన సంగతి, గెంటేసిన తేదీ అన్నీ తల ఊపుతూ విన్నది. నాలుగో పేరా దగ్గర, ‘నన్ను నేను పోషించుకునే శక్తి లేనిదాన్ని’ అని ఉంది.

“ఎవురు సెప్పినారు ఆ మాట?”

“నువ్వే చెప్పినట్టు రాసుంది పెద్దమ్మా.”

“నేనెట్ల సెప్తా? ఇద్దరు బిడ్డల్ని సాకింది ఎవురు మల్ల? కరువు పన్లకి పోయి గడ్డపార పట్లేదా? సెనక్కాయలు వలసలేదా? శక్తి లేదంట!”

ప్లీడరు దుర్మార్గుడేం కాదు. ఫీజు కూడా సరిగ్గా తీసుకోలేదంటుంది ఆమె. తనను తాను పోషించుకోలేని భార్యకే మనోవర్తి అని సెక్షన్‌లో ఉంది, ఆ మాట కాగితంలో లేకపోతే కేసు గుమ్మంలోనే పోతుంది. ఆయన చట్టం అడిగిన వాక్యాన్ని ఆమె నోట్లో పెట్టాడు. క్రాస్‌లో అవతలి ప్లీడరు అడిగిన మొదటి ప్రశ్న, కూలికి పోతావా అని. పోతానంది ఆమె, దాచేదేముందని. అయితే అఫిడవిట్‌లో అబద్ధం రాశావన్నమాట అన్నాడాయన. ఆమెకి ఆ రోజు అవమానం గుర్తుంది గానీ, ఏ వాక్యం గురించి అన్నాడో ముప్ఫై ఏళ్ళ తర్వాత ట్రంకు పెట్టె దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ వాక్యానికి అర్థం పూర్తి నిరుపేదరాలని కాదు, కొంత సంపాదించుకుంటున్నా భృతికి అర్హురాలేనని సుప్రీంకోర్టు 2007లో చతుర్భుజ్ కేసులో స్పష్టం చేసింది. అప్పటికి ఆమె కేసు ఎప్పుడో ముగిసిపోయింది.

ప్లీడరు ప్రమాణం చేయకూడదన్న నియమంలో నాకు కనబడే అసలు చిక్కు ఇదే. నియమం ఆమె ఎరుకని గౌరవిస్తుంది. అదే సమయంలో రాసినవాడిని బాధ్యతలోంచి తప్పిస్తుంది. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి పీనల్ కోడ్ 193వ సెక్షన్ ఏడేళ్ళ దాకా శిక్ష పెట్టింది, 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 229వ సెక్షన్. ఆ శిక్ష ప్రమాణం చేసినవాళ్ళకి. వాక్యం ఎవరు కట్టారన్నది ఎవరూ అడగరు. సాహిత్యంలో మనం రచయిత ఎవరు, కథకుడు ఎవరు అని విడదీసి చూడటం నేర్చుకున్నాం. కోర్టులో ఆ ఇద్దరినీ వేలిముద్రతో అతికించి ఒకే మనిషిని చేస్తారు.

2002 తర్వాత ఈ అతుకు ఇంకా గట్టిపడింది. అంతకు ముందు సివిల్ కేసులో సాక్షి బోనెక్కితే ప్లీడరు అడుగుతుంటే ఆమె చెప్పేది, జడ్జి రాసుకునేవాడు. తడబడినా, దారి తప్పినా, ‘ఆ పొద్దు సంత’ అని తేదీకి బదులు చెప్పినా, అది ఆమె మాట. ఆ ఏడు జూలై 1న అమల్లోకి వచ్చిన సవరణతో ముఖ్య విచారణ కూడా అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. కాలం కలిసొస్తుందన్నది ఉద్దేశం. ఫలితంగా ఆమె తన కథని తన నోటితో వరసగా చెప్పే ఒక్క సందర్భం కూడా ప్లీడరు ఆఫీసులోకి మారింది. కోర్టులో ఆమె గొంతు వినపడేది క్రాస్‌లోనే, అంటే ఆమెని తప్పు పట్టించడానికి అడిగే ప్రశ్నలకి జవాబుగానే. స్త్రీల మౌఖిక కథనాల మీద సెమినార్లు పెట్టుకున్న మనం ఈ సవరణ గురించి ఒక్క పేపరైనా రాయాల్సింది.

జిల్లాలో ఈ కాగితపు ‘నేను’ ఎక్కువగా పుట్టుకొచ్చింది మాత్రం కోర్టుల్లో కాదు, రైతు ఆత్మహత్యల తర్వాత. 2004 జూన్ 1న వచ్చిన జి.ఓ. 421 చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు అంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2015లో 5 లక్షలు, 2019లో 7 లక్షలు అయింది. అర్హత తేల్చడానికి త్రిసభ్య కమిటీలు, రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల నుంచి ఒక్కొక్కరు. అప్పు వ్యవసాయానికే చేశాడా, చావు అందుకేనా అన్నది భార్య చెప్పాలి. పట్టా మామ పేరున ఉంటుంది. కౌలు నోటిమాట మీద ఉంటుంది. వడ్డీవాడు కాగితం ఇవ్వడు. ఎంత అప్పు చేశాడో చాలామందికి భర్త పోయాక, గుమ్మం ముందుకొచ్చినవాళ్ళని లెక్కపెట్టుకుంటేనే తెలిసింది. సొంత ఎరుకతో చెప్పమనే చట్టం ముందు ఆమె ఏమని చెప్పాలి? ఆమెకి ఎరుక లేకుండా చేయడమే ఆ కాపురం నడిచిన పద్ధతి. కలెక్టరాఫీసు దగ్గర చెట్టు కింద దస్తావేజు లేఖరి అడక్కుండానే రాసిపెడతాడు, ‘నా భర్త వ్యవసాయ నిమిత్తం ఇన్ని లక్షలు అప్పు చేసిన సంగతి నాకు స్వయంగా తెలుసు’ అని. అలా రాయకపోతే డబ్బు రాదు. రాస్తే, ఆ అప్పుల్లో ఆమె ఒప్పుకోలు కూడా ఉన్నట్టు వడ్డీవాడి చేతికి ఆయుధం దొరుకుతుంది.

చదవడం రానివాళ్ళ అఫిడవిట్ మీద, వాళ్ళకి తెలిసిన భాషలో చదివి వినిపించి వివరించగా అర్థమైందని ఒప్పుకుని ముద్ర వేశారు అని ప్రమాణం చేయించినవారు ధ్రువీకరించాలి. ఇది మర్యాద కోసం పెట్టింది కాదు, నియమం. పరదా స్త్రీల దస్తావేజుల విషయంలో ప్రీవీ కౌన్సిల్ 1925లోనే, ముద్ర వేసిన చెయ్యి ఆమెదైతే చాలదు, ఆ పని ఆమె మనసుది కూడా అయి ఉండాలి అన్న అర్థంలో చెప్పింది. మన దగ్గర ఆ ధ్రువీకరణ ఇప్పుడు రబ్బరు స్టాంపు. కొట్టడానికి అర నిమిషం పడుతుంది. నాలుగు పేజీల అఫిడవిట్ తెలుగులో చదివి చెప్పడానికి పావుగంట పడుతుంది. ప్లీడర్లు ప్రమాణాలు చేసేయాలని నేను కోరను. ఆ పావుగంటని ఎవరు ఎగ్గొట్టారో ఆ స్టాంపు కింద సంతకం ఉన్నవాళ్ళని కోర్టు అడగాలని మాత్రం కోరతాను. 2011 జనాభా లెక్కల్లో కూడా జిల్లా ఆడవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు సగానికి కాస్త ఎక్కువే గానీ, ఆ వచ్చినవాళ్ళలో ఇంగ్లీషు కోర్టు భాష చదివేవాళ్ళెంతమంది?

2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పుతో మనోవర్తి కేసుల్లో భార్యా భర్తా ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలన్నారు. పల్లె వాళ్ళకి విడిగా ఒక ఫారం ఉంది. పొలం ఎంత, మాగాణా మెట్టా, ఏం పండించారు, మూడేళ్ళ ఆదాయం ఎంత, కౌలుకి చేస్తున్నారా, పశువులు, మేకలు, కోళ్ళు ఏమైనా ఉన్నాయా. మొదటిసారి చట్టం మెట్ట పొలం భాషలో ప్రశ్న అడిగిందని నాకు సంతోషమేసింది. ఈ మధ్య ఒకామె పక్కన కూర్చుని ఆ ఫారం నింపుతున్నాను. 2022లో జిల్లా రెండుగా చీలాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిన ఊరామెది. పశువుల కాలమ్ దగ్గర గుమాస్తా పెన్ను పట్టుకుని ఆగాడు.

“గొర్రెలున్నాయామ్మా నీకు?”

“ఉండాయి సార్. పద్నాలుగు. మేపేది నేనే, అమ్మేది ఆయప్ప.”

“అట్ల కాదు. నీవా, కాదా? ఔను గానీ కాదు గానీ రాయాల.”

ఆమె నా వైపు చూసింది. ఔనంటే ఆస్తి ఉన్నదని భృతి తగ్గొచ్చు. కాదంటే గొర్రెలు మొత్తంగా అతనివని ఆమే ప్రమాణం చేసి చెప్పినట్టు. ఫారంలో ఆ గడి వేలెడంత ఉంది. గుమాస్తాని ఇంకో తెల్ల కాగితం జత చేయమని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, మేపేది నేనే, అమ్మేది ఆయప్ప అని తెలుగులో దాని మీద రాసి, ఆమెకి చదివి వినిపించి, ముద్ర వేయించాం. దాన్ని మేజిస్ట్రేటు ఆస్తిగా లెక్కేస్తారో లేదో వచ్చే వాయిదాకి తెలియాలి.